‘ఉంది’ అని పెట్టాలా, ‘లేదు’ అని పెట్టాలా?
కాలేజీకి వెళ్లే పిల్లల వెసులుబాట్లు, హక్కులు: తల్లిదండ్రులకు, టీచర్లకు



పోయిన ఏడాది ఒక శుక్రవారం హూరాలో మన క్లాసు అయిపోయాక పిల్లలందరూ వెళ్లిపోయారు. ఒక అమ్మ మాత్రం ఆగిపోయారు. వాళ్లబ్బాయి పన్నెండో తరగతి. చిన్నప్పటి నుంచీ మన దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. మాట చక్కగా వస్తుంది, పద్యం వింటే రెండోసారికే అప్పజెప్తాడు, కానీ పేజీ చదవమంటే చెమటలు పడతాయి. ఆవిడ ఫోనులో ఒక ఫారం చూపించారు. ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీకి పంపే అప్లికేషన్. అందులో ఒక ప్రశ్న: మీకు ఏదైనా వైకల్యం గానీ, నేర్చుకోవడంలో ఇబ్బంది గానీ ఉందా?

“టీచర్ గారూ, నాలుగో తరగతిలో ఉన్నప్పుడు డిస్లెక్సియా అని రిపోర్టు ఇచ్చారండీ. ఆ ఫైలు బీరువాలో పెట్టేశాం. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వాళ్ల నాన్నగారు ‘లేదు’ అని పెట్టేయమంటున్నారు. ‘ఉంది’ అంటే సీటు ఇవ్వరేమో అని భయం. ఏం పెట్టమంటారు?”

నాకు ఆ రోజు సరైన జవాబు తెలియలేదు. “రెండు రోజులు టైమివ్వండి, చదివి చెప్తాను” అన్నాను. ఆ చదివినదే ఈ వ్యాసం. హ్యాండ్‌బుక్‌లో ఎందుకంటే, ఆ అమ్మ ఒక్కరే కాదు. మన క్లాసుల్లో ప్రతి ఏటా ఇలాంటి ఇల్లు ఒకటైనా ఉంటుంది. నలుగురూ ఏమనుకుంటారో, రేపు సంబంధాలకు అడ్డమవుతుందేమో అని మనం దాచిపెడతాం. దాచిన ఫైలు వల్ల పిల్లవాడికి ఏం పోతుందో మాత్రం లెక్క వేయం.

వెసులుబాటు అంటే ఏమిటి, ఏది కాదు

చట్టాల్లో వాడే మాట ‘సహేతుకమైన వెసులుబాటు’. అంటే చదువు అదే, సిలబస్ అదే, పాస్ మార్కులూ అవే. ఆ చదువు దగ్గరికి చేరే దారిలో ఉన్న అడ్డును తీయడమే వెసులుబాటు. కళ్లద్దాలు పెట్టుకుని పరీక్ష రాసినవాడిని “నువ్వు కాపీ కొట్టావు” అని ఎవరూ అనరు కదా. చదవడం నిదానంగా సాగే పిల్లవాడికి అదనపు సమయం ఇవ్వడమూ అంతే. చూపు లేని అమ్మాయికి స్క్రైబ్, వినికిడి తక్కువ ఉన్నవాడికి ముందు బెంచీ, రాసి ఇచ్చిన నోట్సు, వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థి క్లాసును కింది అంతస్తుకు మార్చడం, అక్షరాలు పెద్దవిగా ముద్రించిన ప్రశ్నపత్రం, ఇవన్నీ వెసులుబాట్లే.

ఏది కాదంటే: మార్కులు కలపడం కాదు, జాలి కాదు, కోర్సులోని ముఖ్యమైన భాగం మాఫీ చేయడమూ కాదు. నర్సింగ్ కోర్సులో ఇంజెక్షన్ నేర్చుకోవడం తప్పదు. ఆ పాఠం రాసుకోవడానికి లాప్‌టాప్ కావాలంటే మాత్రం అడగొచ్చు.

నా సంగతి ఒకటి చెప్తాను. నాకు చిన్నప్పటి నుంచి ఎడమ చెవి సరిగా వినిపించదు. పీజీ చదివేటప్పుడు హాలులో వెనక వరసలో కూర్చునేదాన్ని. వైవాలో ఎగ్జామినర్ అడిగింది సగం వినపడక, అడగడానికి సిగ్గుపడి, ఏదో చెప్పి మార్కులు పోగొట్టుకున్నాను. కాలేజీవాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. “సార్, కుడివైపు కూర్చుంటాను, ప్రశ్న ఇంకోసారి చెప్పండి” అనడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

ఇండియాలో చదివితే

మన పిల్లల్లో చాలామంది హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, చెన్నై, బెంగళూరు కాలేజీలకే వెళ్తారు. అక్కడ ముఖ్యమైనది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందున్న 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. డిస్లెక్సియా వంటి నేర్చుకోవడంలోని ఇబ్బందులు, ఆటిజం, తలసీమియా ఇప్పుడు జాబితాలో ఉన్నాయి.

ఇందులో రెండు వేరువేరు సంగతులున్నాయి. మనవాళ్లు తరచూ రెండిటినీ కలిపేస్తారు.

మొదటిది రిజర్వేషన్. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. దీనికి 40 శాతం, లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి.

రెండోది వెసులుబాటు. ఇది సీటు కోటా కాదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్న అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనకూడదు. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 40 శాతం కన్నా తక్కువ ఉన్నవారికి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. అదనపు సమయం లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: గంటకు కనీసం 20 నిమిషాలు. మూడు గంటల పరీక్షకు ఒక గంట.

హక్కు ఉండటం ఒకటి, అది ఆ రోజు చేతికి అందడం ఇంకొకటి. 2021 నీట్‌లో రాయడంలో ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థినికి ఆ అదనపు గంట ఇవ్వకుండానే పరీక్షా కేంద్రంలో పేపరు తీసేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదే ఏడాది నవంబరులో కోర్టు జరిగింది అన్యాయమే అంది, దాన్ని సరిదిద్దే మార్గం చూడమని పరీక్ష నిర్వహించే సంస్థను ఆదేశించింది. కానీ ఆ ఒక్క అమ్మాయికి మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. అందుకే చెప్తున్నాను: అడ్మిట్ కార్డు వచ్చిన రోజే దాని మీద మీరు అడిగిన వెసులుబాటు ఉందో లేదో చూడండి. సర్టిఫికెట్ కాపీలు, నిబంధన ప్రింటు పిల్లవాడి చేతిలో ఉండాలి. హాలులో వాదించేటంత టైము పిల్లలకు ఉండదు.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ బొల్లా శ్రీకాంత్‌ది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టారు, పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, చూపు లేనివారికి సైన్స్ గ్రూపు ఇవ్వమన్నారు. టీచరు అండగా నిలిచారు, కోర్టుకు వెళ్లారు, సుమారు ఆరు నెలల తర్వాత అనుమతి వచ్చింది. ఆ సైన్సులోనే 98 శాతం తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి మనం “ఎంత పట్టుదలో” అంటాం. నిజమే. కానీ ఒక టీచరుగా నాకు అందులో కనిపించేది ఇంకొకటి: సైన్సు చదవడానికి ఒక పిల్లవాడు కోర్టుకెక్కాల్సి రావడం, పక్కన ఒక టీచరు నిలబడటం. ఆ టీచరు లేకపోతే ఆ కథే లేదు.

సంగతులు మారుతున్నాయి కూడా. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, వైకల్యం శాతం ఇంత ఉంది అన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని, ఆ విద్యార్థి కోర్సు చేయగలడా లేదా అన్నది చూడాలని చెప్పింది. తర్వాతి నెలలో, అందరికీ అందుబాటుగా ఉండే ప్రమాణాలు తప్పనిసరి కావాలని ఇంకో తీర్పు వచ్చింది. దానికి హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి నివేదిక ఆధారమైంది.

ప్రభుత్వ కాలేజీలో అడిగినా ఇవ్వకపోతే ముందు అక్కడి ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్, కేంద్ర సంస్థలైతే ఢిల్లీలో చీఫ్ కమిషనర్.

సర్టిఫికెట్ సంగతి

మనలాంటి ప్రవాసులకు అసలు చిక్కు ఇక్కడే. బహ్రెయిన్‌లో సైకాలజిస్టు ఇచ్చిన రిపోర్టు ఇబ్బంది ఏమిటో చెప్తుంది, కానీ ఇండియాలో కోటాకు గానీ, పెద్ద ప్రవేశ పరీక్షలకు గానీ అక్కడి అధీకృత ఆసుపత్రి సర్టిఫికెట్ అడుగుతారు. ఊళ్లో మన వాళ్లు ‘సదరం సర్టిఫికెట్’ అంటారు. ఇప్పుడు దేశమంతా ఒకే నంబరుతో యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, కానీ పరీక్షకు పిల్లవాడు స్వయంగా వెళ్లాలి. ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పెళ్లిళ్లు, గుడులతో పాటు ఇదీ లిస్టులో పెట్టుకోండి. ఒక్క ట్రిప్పులో అయిపోతుందనుకోవద్దు. పన్నెండో తరగతి దాకా ఆగకుండా తొమ్మిదిలోనే మొదలుపెట్టండి. మేధోపరమైన ఇబ్బందులున్న పిల్లల పరీక్షలకు, సలహాలకు సికింద్రాబాద్ బోయినపల్లిలో జాతీయ సంస్థ ఉంది. అది 1984 నుంచి పనిచేస్తోంది.

ఇక్కడ సీబీఎస్‌ఈ స్కూలులో చదివే పిల్లలకు కాలేజీ కన్నా ముందే పది, పన్నెండు బోర్డు పరీక్షలుంటాయి. బోర్డు ఇచ్చే అదనపు సమయం కూడా ఆ లెక్కే: మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు, రెండు గంటల పేపరుకు 40. స్క్రైబ్, కంప్యూటరు, పదో తరగతి స్థాయిలో రెండు భాషల బదులు ఒకే భాష వంటివీ ఉన్నాయి. ఇవన్నీ స్కూలు ద్వారానే అడగాలి. ఏ కాగితాలు కావాలో తొమ్మిదిలో రిజిస్ట్రేషన్ అప్పుడే స్కూలును అడగండి. స్క్రైబ్‌గా ఎవరు ఉండొచ్చు అన్న నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏ పరీక్షకైనా ఆ ఏటి బులెటిన్ చదవడం తప్పదు.

బహ్రెయిన్‌లో చదివితే

కొందరు పిల్లలు ఇక్కడే డిగ్రీ చేస్తారు. బహ్రెయిన్‌లో వికలాంగుల సంరక్షణ, పునరావాసం, ఉపాధి కోసం 2006లో 74వ నంబరు చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని బహ్రెయిన్ 2011లో ధ్రువీకరించింది. ఇండియా 2007లోనే చేసింది. ఆ ఒప్పందంలో 24వ అధికరణం చదువు గురించే: వివక్ష లేకుండా ఉన్నత విద్య, దానికి కావలసిన వెసులుబాట్లు.

రెసిడెన్సీ మీద ఉన్న మనం చేయవలసింది సూటిగా ఉంటుంది. ఫీజు కట్టకముందే కాలేజీకి ఈమెయిల్ పెట్టండి: మా పిల్లవాడికి ఈ ఇబ్బంది ఉంది, ఈ రెండు మూడు వెసులుబాట్లు కావాలి, మీ దగ్గర ఇది ఎవరు చూస్తారు? నోటిమాటగా “చూద్దాంలెండి” అంటే అది జవాబు కాదు. రాతలో వచ్చిందే జవాబు.

అమెరికా, ఇంగ్లండ్ వెళ్తే

అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం రెండూ కాలేజీలకు వర్తిస్తాయి. విదేశీ విద్యార్థులకూ వర్తిస్తాయి. అక్కడ ఏడీహెచ్‌డీ, షుగరు వంటివి కూడా సందర్భాన్ని బట్టి ఈ రక్షణ కిందికి వస్తాయి. ఇండియా జాబితాలో వీటికి విడిగా చోటు లేదు.

కానీ తల్లిదండ్రులు ఒక మార్పు గమనించాలి. స్కూలులో మనం వెళ్లి మాట్లాడతాం. అమెరికా కాలేజీలో పిల్లవాడే వెళ్లి అడగాలి. ప్రతి కాలేజీలో దీనికి ఒక ఆఫీసు ఉంటుంది. అక్కడ పేరు నమోదు చేసుకుని, రిపోర్టు చూపిస్తే ప్రొఫెసర్లకు ఇచ్చే ఉత్తరం ఇస్తారు. సాధారణంగా సెమిస్టరు మొదట్లోనే ఇది చేసుకోవాలి, ఎందుకంటే అయిపోయిన పరీక్షకు వెనక్కి వెళ్లి వెసులుబాటు ఇవ్వరు. మనం ఫోన్ చేస్తే వాళ్లు విద్యార్థి అనుమతి లేకుండా వివరాలు చెప్పకపోవచ్చు. వెసులుబాటుకు డబ్బు తీసుకోకూడదు.

వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకో మాట. ఆరోగ్యం బాగాలేక కోర్సులు తగ్గించుకోవాలంటే, ముందు అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతి తీసుకోవాలి. డాక్టరు ఉత్తరం కావాలి. ముందు కోర్సు వదిలేసి, తర్వాత చెప్తే వీసాకే ముప్పు.

ఇంగ్లండ్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఉంది. విదేశీ విద్యార్థులకూ యూనివర్సిటీ వెసులుబాట్లు ఇవ్వాలి. అక్కడి విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక ఆర్థిక సాయం మాత్రం మన పిల్లలకు రాదు. ఆ ఖర్చు గురించి యూనివర్సిటీతో ముందే మాట్లాడుకోవాలి.

మరి ఫారంలో ఏం పెట్టాలి?

ఆ అమ్మ ప్రశ్నకు జవాబు ఫారాన్ని బట్టి ఉంటుంది.

ఇండియాలో ప్రవేశ పరీక్షల ఫారంలో ‘వికలాంగుల కేటగిరీ’ అన్న గడి చాలాసార్లు కోటా కోసం. 40 శాతం సర్టిఫికెట్ లేకుండా అక్కడ ‘అవును’ పెడితే తర్వాత చిక్కొస్తుంది. స్క్రైబ్, అదనపు సమయం అడిగే గడి వేరుగా ఉందేమో చూడండి. అప్పుడు పెట్టకపోతే తర్వాత కలపడం చాలా కష్టం.

అమెరికాలో సీటు ఇచ్చే ముందు వైకల్యం గురించి కాలేజీలు మామూలుగా అడగకూడదు. సీటు వచ్చాక చెప్పుకోవచ్చు. చెప్పడమూ మానడమూ విద్యార్థి ఇష్టం.

ఇంగ్లండ్ ఫారంలో అడిగేది సహాయం ఏర్పాటు చేయడానికి. ఆ కారణంతో సీటు కాదనడం చట్టవిరుద్ధం.

అన్నిటికీ వర్తించే మాట ఒకటే: ‘లేదు’ అని పెట్టిన పిల్లవాడికి ఏ వెసులుబాటూ రాదు, ఎందుకంటే వాడికి కావాలని ఎవరికీ తెలియదు. దాచడం వల్ల ఇబ్బంది పోదు. ఒంటరిగా మోయాల్సి వస్తుంది, అంతే.

మన తెలుగు క్లాసులో మనం చేయగలిగింది

టీచర్లూ, మనం డాక్టర్లం కాదు. “మీ వాడికి డిస్లెక్సియా” అని మనం అనకూడదు. “ఇలా గమనించాను, ఒకసారి చూపించండి” అనొచ్చు, అదీ పక్కకు పిలిచి, మిగతా తల్లిదండ్రులు లేనప్పుడు.

మన లిపి విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. ప, వ, ష, మ, య, ఘ, ఇవి చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఒకేలా కనపడతాయి. పైన గుణింతం, కింద ఒత్తు, రెండూ ఒకేసారి చూడాలి. తప్పు చదివిన ప్రతిసారీ “మళ్లీ చదువు” అని క్లాసు ముందు నిలబెడితే తెలుగు మీదే విరక్తి పుడుతుంది. ఇవి చేయండి:

– అక్షరాలు పెద్దవిగా, వరసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉన్న కాగితం ఇవ్వండి.
– డిక్టేషన్‌కు బదులు నోటితో చెప్పించండి. కథ చెప్పగలిగితే కథ వచ్చినట్టే.
– గట్టిగా చదవమని ముందు చెప్పకుండా లేపకండి. పేరా ముందు రోజే పంపండి.
– వార్షిక పరీక్షలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. మన చిన్న స్కూలుకు దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.
– వినికిడి తక్కువ ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి.
– ఏం ఇచ్చారో, ఎలా ఉపయోగపడిందో తేదీతో రాసిపెట్టండి. రేపు తల్లిదండ్రులు అడిగితే ఒక ఉత్తరం ఇవ్వడానికి పనికొస్తుంది. సర్టిఫికెట్‌కు అది సాటి రాదు గానీ, ఈ పిల్లవాడికి ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది అని చెప్తుంది.
– తెలిసిన సంగతి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది ఆ కుటుంబానిది.

ఇంట్లో ఒక ఫైలు

తల్లిదండ్రులు ఒక ఫైలు పెట్టుకోండి. మొదటి రిపోర్టు, తాజా రిపోర్టు, సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, స్కూలు ఇచ్చిన వెసులుబాట్ల ఉత్తరాలు, పరీక్ష బోర్డు అనుమతి, కాలేజీతో జరిగిన ఈమెయిళ్లు. రిపోర్టు పాతదైతే కాలేజీ ఒప్పుకోకపోవచ్చు, కొత్తది చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఫైలులో ఏముందో పిల్లవాడికి తెలియాలి. తన ఇబ్బంది ఏమిటో, తనకేం కావాలో రెండు వాక్యాల్లో చెప్పడం పద్నాలుగేళ్ల నుంచే అలవాటు చేయండి. మనం ఎల్లకాలం పక్కన కూర్చోలేం.

ఆ అమ్మకు ఇదంతా చెప్పాను. తర్వాతి వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నారట. అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, “అంటే నేను మొద్దునని కాదా?” అని. ఎనిమిదేళ్లుగా వాడు అలాగే అనుకుంటున్నాడు. ఆ మాట చెప్తూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఫారంలో ‘ఉంది’ అని వాడే పెట్టాడు. రిపోర్టు పాతదైందని కొత్తది అడిగారు, డిసెంబరు సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి చేయించుకొచ్చారు. సీటు వచ్చింది. వెసులుబాట్ల కోసం ఈమెయిల్ వాళ్ల నాన్నగారు రాయబోతే, “నేను రాస్తాను” అని వాడే రాసుకున్నాడట.

మీ ఇంటి బీరువాలో కూడా అలాంటి ఫైలు ఉంటే, ఈ శుక్రవారం క్లాసు అయ్యాక ఒక పది నిమిషాలు ఆగండి. తలుపు వేసుకుని మాట్లాడుకుందాం.